మా ఇంటి మనిషి

నవనీత్ విహార్, ఢిల్లీ
31 ఆగస్టు 2025

అక్కకి సదాశివ నమస్కారాలు.

ఫోనులో మాట్లాడితే పావుగంటలో పోట్లాటకు దిగుతున్నామని, ఇకమీదట ఏదున్నా ఉత్తరం రాయమని నువ్వు హుకుం జారీ చేశావు. మండపేట పోస్టాఫీసుకు బేరాలు లేక వదినగారు మన మీద పడ్డారని ఛాయ నవ్వుతోంది. అక్క పోస్టుమాస్టరయ్యాక తమ్ముడికి తప్పుతుందా, రాస్తున్నాను.

ఇక్కడ వాన వెలిసింది, ఉక్క మిగిలింది. చైతు గ్రేటర్ నోయిడా హాస్టల్లో చేరాక ఇల్లు బోసిపోయింది. వారానికోసారి ఫోన్ చేసి "మమ్మీ, సబ్ ఠీక్ హై" అని పెట్టేస్తాడు. తెలుగులో అడిగితే హిందీలో జవాబు.

నాకు మాత్రం క్షణం తీరిక లేదు. ఆఫీసులో ఫైళ్ళు చాలవన్నట్టు కాలనీ అసోసియేషన్‌కి సెక్రెటరీని కూడా కదా. ఇప్పుడు మాకో ఉపద్రవం వచ్చిపడింది. మెట్రో స్టేషన్ నుంచి చిన్న ఎలక్ట్రిక్ బస్సు ఒకటి మా కాలనీ మధ్యలోంచి వెళ్ళి, వెనక గేటు దాటి, ఆ వెనకున్న ఊళ్ళోకి పోతుందట. ఊరంటే మన ఊళ్ళలాంటిది కాదు. ఢిల్లీ పెరిగి చుట్టూ మూసేసిన పాత పల్లె. ఇప్పుడన్నీ అయిదంతస్తుల ఇరుకు మేడలు, గదికి ముగ్గురేసి అద్దెకుండే పిల్లలు. వాళ్ళెవరో, ఎక్కడివాళ్ళో ఎవరికీ తెలియదు. ఆ జనమంతా మా వీధిలో దిగితే రేపు దొంగతనం జరిగితే ఎవరిని అడగాలి? ఇళ్ళ ధరలు పడిపోవా? పైగా రోడ్డు ఇరుకు. అందుకని అభ్యంతరపత్రం నేనే రాశాను. ప్రెసిడెంటు భాటియాగారు చదివి, "రావ్ సాబ్, ఆప్ కీ కలమ్ మే జాదూ హై" అన్నారు, నా కలంలో మంత్రం ఉందట. పధ్నాలుగో తేదీ ఆదివారం సర్వసభ్య సమావేశం.

మన అనూహ్య కూడా ఆ వెనక ఊళ్ళోనే గది తీసుకుని ఉంటోందనుకో. అది మన పిల్ల, దాని సంగతి వేరు. పోయిన ఆదివారం భోజనానికి వచ్చింది. గోంగూర పచ్చడి మారు వేయించుకుంది. బాగానే ఉంది, కాస్త చిక్కింది.

బావగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ తమ్ముడు
సదాశివ

*

మండపేట
9 సెప్టెంబరు 2025

సదాశివకు అక్క ఆశీస్సులు.

కవరు మీద స్టాంపు వంకరగా అంటించావు. సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసరువి, కాస్త చూసుకో. మా పోస్ట్‌మన్ దాన్ని పట్టుకొచ్చి, "మేడమ్, మీ తమ్ముడుగారిదేనా ఇది" అని అదోలా అడిగాడు.

ఇక్కడ పక్క ఊరికి వెళ్ళే ఆఖరి బస్సు తీసేస్తే జనం బస్టాండు ముందు బైఠాయించారు. అక్కడ మీరు వస్తానన్న బస్సును వద్దంటున్నారు. మీ పట్నం తెలివితేటలు మాకు అందవులే.

నాకు బస్సుల సంగతి తెలియదు కానీ పిల్ల సంగతి ఒకటి చెప్పాలి. నీతో అనవద్దంది, అయినా అంటున్నాను. సాకేత్‌లో దాని ఆఫీసు వదిలేసరికి తొమ్మిదవుతోంది. మీ వెనక గేటుకు ఆ వేళకే తాళం పడుతుందట కదా. మురుగుకాలువ పక్క దారిలో చుట్టు తిరిగి గదికి చేరుతోంది. పోయిన నెలలో ఎవడో బండి మీద వెంటపడ్డాడట. పరిగెత్తి ఒక మందుల షాపులో దూరింది. ఈ మాట విన్నప్పటినుంచి మీ బావగారికి నిద్ర లేదు. ఉద్యోగం మానేసి వచ్చేయమన్నారు. అది కాళ్ళావేళ్ళా పడింది. "నాన్నా, బస్సు వస్తోంది, మా సందు మొదట్లోనే దిగుతాను" అంది. సరే, బస్సు వస్తే ఉండు, రాకపోతే ఇంటికొచ్చేయ్ అన్నారాయన. నాలుగేళ్ళు కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం ఇప్పుడు ఆ బస్సు మీద ఆధారపడి ఉంది.

చైతు గది ఖాళీగానే ఉందిగా అని నేను అడగను. ఎనిమిది నెలలు మీ ఇంట్లో ఉంచుకున్నారు, చాలు. ఆ అసోసియేషన్‌లో నీ మాట చెల్లుతుంది. మేనమామవి. ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు కదా.

ఛాయను మోకాళ్ళకు ఆముదం రాసుకోమను. ఢిల్లీ డాక్టర్లు చెప్పరు కానీ పనిచేస్తుంది.

అక్క
కమల

*

నవనీత్ విహార్
16 సెప్టెంబరు 2025

అక్కకి,

ఈ ఉత్తరం రాయడానికి చెయ్యి రావడం లేదు. నీ ఉత్తరం సమావేశానికి ముందు రోజే అందింది. నిదానంగా ఆలోచించి ఏదో ఒక దారి చూద్దామనుకున్నాను. ఈలోగా నీ కూతురు నా పరువు తీసింది.

ఆదివారం కమ్యూనిటీ హాలు కిటకిటలాడుతోంది. వేదిక మీద భాటియాగారు, పక్కన నేను. నా ప్రసంగం అయిందో లేదో, వెనక వరసలోంచి అనూహ్య లేచింది. ఇంకో ఇద్దరు ఆడపిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. నాకు మాట మాత్రం చెప్పలేదు. లేచి హిందీలో అందుకుంది. రోడ్డు ఇరుకు కాదట, రెండు వైపులా మా కార్లు పెట్టి మేమే ఇరుకు చేశామట. గేటుకు తాళం వేసుకుని భద్రత గురించి మాట్లాడటం ఏం న్యాయమని అడిగింది. అందరూ వింటున్నారు.

మా సమావేశాలకు ఒక నియమం ఉంది. బయటివాళ్ళు మాట్లాడాలంటే సభ్యుడెవరైనా లేచి నిలబడి, ఈమె మా ఇంటి మనిషి అని చెప్పాలి. భాటియాగారు, "బేటీ, యహాఁ ఆప్‌కో కౌన్ జాన్‌తా హై?" అని మర్యాదగానే అడిగారు. నీ కూతురు ఏమందో తెలుసా? "ఇక్కడ నన్ను ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు" అంది. అంతమందిలో, నా ఎదురుగా. భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఎనిమిది నెలలు నా ఇంట్లో తిన్న పిల్ల అన్న మాట అది.

అభ్యంతరం ఏకగ్రీవంగా నెగ్గింది. బస్సు ప్రస్తుతానికి ఆగింది. కానీ ఆ సంతోషం నాకు లేదు. నీకు చెప్పకూడదనుకున్నాను. తెల్లవార్లూ మనసు మనసులో లేదు, అందుకే రాస్తున్నాను.

సదాశివ

*

మండపేట
24 సెప్టెంబరు 2025

సదాశివా,

నీ ఉత్తరం కౌంటర్లో కూర్చుని చదివాను. తల కొట్టేసినట్టయింది. ఎదురుగా మనియార్డరు కోసం వచ్చిన ముసలాయన, "ఏంటమ్మా, ఏదైనా చెడు కబురా" అన్నాడు. చెడు కబురేనని చెప్పాను.

ఆడపిల్ల నలుగురిలో లేచి మాట్లాడితే నేను సిగ్గుపడేదాన్ని కాను. ఈ కుర్చీలో ముప్పై ఏళ్ళుగా కూర్చుని అందరితో మాట్లాడుతూనే ఉన్నాను. కానీ సొంత మేనమామను పట్టుకుని తెలియదనడం ఎవరు నేర్పారు దానికి? నేను నేర్పానా? నీకు ఏ ముఖం పెట్టుకుని సమాధానం చెప్పాలి? దానికి చెవులు కుట్టించినప్పుడు నీ ఒళ్ళోనే కదరా కూర్చుంది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. చిన్నప్పుడు ముద్దు చేసి చెడగొట్టాను.

ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. "మావయ్యను తెలియదన్నావా, లేదా? ఒక్క మాట చెప్పు" అన్నాను. "అన్నానమ్మా" అంది. ఎందుకని అడగలేదు. అడగడానికి ఏముంది? దసరాకు వెళ్ళి మావయ్య కాళ్ళకు దణ్ణం పెట్టి క్షమించమని అడుగు, అప్పటిదాకా నాకు ఫోన్ చేయకు అన్నాను. సరే అంది.

చిన్నపిల్ల చేసిన తప్పు పెద్దవాడివి నువ్వు మనసులో పెట్టుకోకు. దాని తరఫున నేను నీకు చేతులు జోడిస్తున్నాను.

కమలక్క

*

నవనీత్ విహార్
5 అక్టోబరు 2025

అక్కకి నమస్కారాలు.

దసరా రోజు అనూహ్య వచ్చింది. బత్తాయిలు తెచ్చింది. నువ్వు చెప్పినట్టే చేసింది. నేను ఫర్వాలేదులే అన్నాను. ఇక ఆ విషయం వదిలేద్దాం. నువ్వు చేతులు జోడించడమేమిటి, ఆ మాట ఇంకెప్పుడూ రాయకు.

ఇక్కడ అప్పుడే గాలి చెడిపోవడం మొదలైంది. పొద్దున్న నడకకు వెళితే గొంతు మండుతోంది. ఆఫీసులో కొత్త జాయింట్ సెక్రెటరీ వచ్చాడు, తిన్నగా కూర్చోడు, ఎవర్నీ కూర్చోనివ్వడు. చైతు దసరాకు రాలేదు, పరీక్షలట.

ఛాయ ఈమధ్య నాతో సరిగా మాట్లాడటం లేదు. అనూహ్య వచ్చి వెళ్ళిన రోజు వంటింట్లోంచి బయటికి రాలేదు. మోకాళ్ళ నొప్పి ఎక్కువైందేమో. ఆముదం సంగతి చెప్పాను.

పిల్లను ఎక్కువగా కోప్పడకు. చెప్పేదేమీ లేదు. ఉంటాను.

సదాశివ

*

మండపేట
14 అక్టోబరు 2025

సదాశివకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివాక నా గుండె బరువు దిగింది. అమ్మ ఉంటే నీ మంచితనానికి మురిసిపోయేది. నువ్వు పొడిపొడిగా రాసినా నీ బాధ నాకు తెలుసు. అంత అవమానం జరిగినా పిల్లను కోప్పడకు అని రాశావు. నేనైతే అంత తొందరగా మరిచిపోయేదాన్ని కాను. దీపావళికి పూతరేకులు పంపుతున్నాను. పార్సెల్ నా చేత్తో నేనే కట్టాను, విరగవు.

ఇంకో సంగతి. బస్సు ఆగిపోయిందని తెలిసి మీ బావగారు అన్న మాట మీద నిలబడ్డారు. అనూహ్య కూడా ఈసారి బతిమాలలేదు. ఉద్యోగానికి నోటీసు ఇచ్చేసిందట. నవంబరు నెలాఖరుకు వచ్చేస్తుంది. కాకినాడలో ఏదో ఒకటి చూసుకోవచ్చులే. "పోనీ ఇంకొన్నాళ్ళు చూడకూడదా" అని నాకే జాలేసి అడిగాను. "ఢిల్లీలో నాకెవరున్నారమ్మా" అంది. అంత పొగరు దానికి. నీకు మేనమామ లేడా, నువ్వు తెలియదన్నా నిన్ను క్షమించిన మనిషి అని గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టాను. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. ఇప్పటికైనా బుద్ధి వచ్చింది.

గది ఖాళీ చేసేటప్పుడు సామాను సర్దడానికి ఎవరినైనా పంపు.

అక్క

*

నవనీత్ విహార్
25 అక్టోబరు 2025

అక్కా,

పూతరేకులు అందాయి. ఒక్కటీ విరగలేదు. ఛాయ వాటిని తీసి నా ముందు పెట్టి, "మీ అక్కగారు పంపారు. తినగలిగితే తినండి" అంది. నేను తినలేకపోయాను.

నీకు రాసిన ఉత్తరాల్లో అబద్ధం ఒక్కటీ లేదు. సర్వీసంతా నేను నేర్చుకున్న విద్య అదే. అబద్ధం రాయకుండా నిజాన్ని దాటేయడం. ఆ రోజు జరిగింది ఇప్పుడు వరసగా రాస్తాను, చదువు.

సమావేశంలో మొదట మాట్లాడింది నేను. వెనక ఊళ్ళో అద్దెకుండేవాళ్ళు ఎలాంటివాళ్ళో మనకు తెలియదు, మన ఆడపిల్లల భద్రత ఏం కావాలి అన్నాను. నీ ఉత్తరం చదివిన మర్నాడే అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు అనూహ్య లేచింది. నా పేరు ఎత్తలేదు. కార్ల గురించి చెప్పినప్పుడు కూడా ఫలానా ఇంటి ముందు అనలేదు. ఆ వీధిలో రెండు కార్లు మనవే. ఒకటి చైతు వచ్చినప్పుడు తప్ప కదలదు.

భాటియాగారు, ఇక్కడ నిన్నెవరు ఎరుగుదురమ్మా అని అడిగారు. ఆ నియమం రాసింది కూడా నేనే అక్కా. నేను లేవాలి. లేచి, మా ఇంటి మనిషి అనాలి. అంతే. అనూహ్య నా వైపు చూసింది. మావయ్యా అని పిలవలేదు. నేను లేస్తానని చూసింది. ఆడవాళ్ళ వరసలో ఛాయ లేవబోయింది. సభ్యత్వం ఇంటికొకటి, అది నా పేరు మీదే ఉంది. ఛాయను కూర్చోమని కళ్ళతో చెప్పాను. కూర్చుంది. తర్వాత నేను తల వంచుకుని మినిట్స్ రాస్తున్నట్టు కాగితం మీద ఏదో గీశాను.

ఎందుకు లేవలేదో కూడా చెప్పాలి. మా మేనకోడలు గుర్‌గావ్‌లో కంపెనీ ఇచ్చిన ఫ్లాట్‌లో ఉంటోందని అది ఇల్లు మారినప్పుడే భాటియాగారికి చెప్పాను. మా ఇంట్లో ఉన్నప్పుడు పొద్దున్నే పోయి రాత్రికి వచ్చేది, కాలనీలో దాని ముఖం ఎవరూ సరిగా ఎరగరు. మా పిల్ల వెనక ఊళ్ళో గదిలో ఉంటోందని చెప్పుకోవడం నాకు చిన్నతనమైంది. ఇంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు. ఎంత వెతికినా దొరకలేదు.

నేను తల ఎత్తనని దానికి అర్థమైంది. అప్పుడు అంది, "యహాఁ ముఝే కోయీ నహీఁ జాన్‌తా." కోపంగా అనలేదు. అందరూ ఇంకా అటూ ఇటూ చూస్తుంటే, నా మీదికి ఎవరి చూపూ పోకుండా అంది. నన్ను తప్పించడానికి అంది. గార్డు వచ్చి చెయ్యి పట్టుకోబోతే, "మైఁ ఖుద్ జా రహీ హూఁ భయ్యా" అని తనే నడిచి వెళ్ళిపోయింది. నేను చూస్తూ ఉండిపోయాను.

రెండు రోజుల తర్వాత అది నన్ను కాదన్నట్టు నీకు రాశాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే నీకు రాశాను. అది ముందుగా నీకు చెబుతుందని భయపడ్డాను. అది చెప్పలేదు. నువ్వు దాన్ని నా కాళ్ళ మీద పడమన్నావు. వచ్చింది. వంగింది. అక్కా, అప్పుడైనా నేను కాళ్ళు వెనక్కి తీసుకోవలసింది. తీసుకోలేదు. దాని తల మీద చెయ్యి కూడా వేశాను. వెళ్ళేటప్పుడు, "అత్తయ్యా, పచ్చడి కొంచెం పెడతావా" అని డబ్బా అడిగింది. ఏమీ జరగనట్టు. ఛాయ ఏడుస్తూ పెట్టింది. నాతో మాట్లాడనిది మోకాళ్ళ నొప్పి వల్ల కాదు.

దాన్ని ఇంటికి రప్పించకు. నవంబర్ ఎనిమిదిన బస్సుల అధికారులు మా హాలుకే వచ్చి రెండు పక్షాలూ వింటారట. వెనక ఊరి తరఫున ఎవరైనా మాట్లాడవచ్చు. కాలనీ తరఫున మాట్లాడవలసింది నేను. ఆ రోజు అందరి ముందూ లేచి, ఇది మా అక్క కూతురు, వెనక ఊళ్ళో ఉంటోంది, రోడ్డుకు అడ్డం నా కార్లేనని చెబుతాను. నన్ను నమ్ము. నమ్మమని అడిగే హక్కు లేదు, అయినా అడుగుతున్నాను.

సదాశివ

*

మండపేట
1 నవంబరు 2025

సదాశివకు,

నీ ఉత్తరం ఇంటికి తీసుకెళ్ళి మీ బావగారికి మొత్తం చదివి వినిపించాను. ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళి, చీకటి పడ్డాక వచ్చారు. "పిల్లకు ఫోన్ చెయ్యి" అన్నారు.

నీ మీద కోపం తర్వాత సంగతి. ముందు నా మీద నాకే అసహ్యం వేసింది. తమ్ముడు రాసిన ప్రతి ముక్కా వేదంలా చదివాను. కూతుర్ని మాత్రం అన్నావా, లేదా అని అడిగాను. ఎందుకన్నావే అని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. రోజూ వందమంది ఉత్తరాలు చేర్చే మనిషిని, నా పిల్ల మనసులో మాట నాకు చేరలేదు. అది చేసిన తప్పంటూ లేదు. నేను చేయించిన దణ్ణం మాత్రం ఉంది.

ఫోన్ చేసి, "ఎందుకు చెప్పలేదే" అని అడిగాను. "నీకున్నది ఒక్కడే తమ్ముడు కదమ్మా" అంది. నేను ఏడ్చాను. అదే నన్ను ఊరుకోబెట్టింది.

నోటీసు సంగతి మీ బావగారు దానికే వదిలేశారు. వస్తే రమ్మన్నారు, ఉంటే ఉండమన్నారు. బస్సు వచ్చినా రాకపోయినా ఇక షరతులు పెట్టనన్నారు. ఎనిమిదో తేదీన మాత్రం హాలుకు వెళ్ళి మాట్లాడతానంది. నువ్వు రాసినదేదీ దానికి చెప్పలేదు. మావయ్య ఈసారి లేస్తాడు అని ఆశ పెట్టి పంపడం నాకు ఇష్టం లేదు. ఒకసారి అలా చూసి వచ్చింది, చాలు.

నమ్మమని అడిగావు. నీ ఉత్తరాల్లో ఏ మాటను నమ్మాలో, ఏ మాట దాటేశావో నాకు ఇక తెలియదు సదాశివా. ఆ రోజు లేచి నిలబడతావో, కాగితం మీద గీతలు గీస్తావో నీ ఇష్టం. ఏది చేసినా నాకు ఉత్తరం మాత్రం రాయకు. అక్కడ ఏం జరిగిందో ఈసారి దాన్నే అడుగుతాను.

కమల